దూరం నుంచి ఫేకో నేర్పడం: మైక్రోస్కోప్ కెమెరా ఒక్కటే సరిపోతుందా?

రెక్సిస్_రన్నవుట్ (ట్రైనీ)

అందరికీ నమస్తే. నేను ఆప్తల్మాలజీ రెండో ఏడాది ట్రైనీని. శుక్లం ఆపరేషన్లలో ఎస్‌ఐసీఎస్ (చిన్న కోతతో చేతితోనే శుక్లం తీయడం) అయితే చాలా స్టెప్పులు సొంతంగా చేస్తున్నాను, ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేయడం) ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నాను. మా యూనిట్‌లో ఫేకో చేసేవాళ్లు ఉన్నారు గానీ పక్కన కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ లేదు. వేరే దేశంలో ఉన్న ఒక సీనియర్ సర్జన్ వారానికోసారి ఆన్‌లైన్‌లో నేర్పడానికి ఒప్పుకున్నారు.

ఇలా నేర్పినవాళ్లు, నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. ఆపరేషన్ జరుగుతుండగా లైవ్‌లో చూపించడం మంచిదా, రికార్డ్ చేసి తర్వాత కూర్చోవడం మంచిదా? మైక్రోస్కోప్‌కి కెమెరా ఉంది, అది చాలా? మా కన్సల్టెంట్ మాత్రం "వీడియో చూసి గుడ్ అనడానికి అంత దూరం నుంచి మనిషెందుకు" అంటున్నారు.

---

పాత_మైక్రోస్కోప్ (టీచింగ్ సర్జన్)

మీ కన్సల్టెంట్ మాటలో కొంత నిజముంది. రిమోట్ టీచింగ్ పేరుతో జరిగేవాటిలో చాలావరకు అంతే. ఎవరో వీడియో పెడతారు, పెద్దాయన పదినిమిషాలు చూసి "రెక్సిస్ (లెన్స్ సంచి ముందు పొరలో గుండ్రంగా చింపే రంధ్రం) కొంచెం పెద్దది చెయ్యి" అంటారు, అయిపోతుంది.

మీ మొదటి ప్రశ్నకి: కొత్తలో రికార్డింగే మేలు. ఎందుకో చెప్తాను. లైవ్‌లో మీ కంటిలోని దృశ్యం కెమెరా దాటి, కంప్యూటర్‌లో కుదించుకుపోయి, నెట్ దాటి ఆయన తెరమీదికి రావాలి. ఆయన చూసి, అర్థం చేసుకుని, నోరు తెరవాలి. ఆ మాట మళ్లీ అంత దూరం ప్రయాణించి మీ చెవిలో పడాలి. అప్పుడు మీ చెయ్యి ఆగాలి. అన్నీ కలిస్తే సెకను దాటిపోవడం మామూలే. పోస్టీరియర్ క్యాప్స్యూల్ (లెన్స్ సంచి వెనక పొర) మందం సుమారు 4 మైక్రాన్లు. దాన్ని ఫేకో టిప్ పట్టుకున్నాక ఎవరైనా "ఆపు" అంటే, ఆ మాట వచ్చేది చిరిగాకే.

కాబట్టి లైవ్‌లో కూర్చున్న గురువు ఇప్పుడు జరుగుతున్న స్టెప్ గురించి మాట్లాడకూడదు. వచ్చే స్టెప్ గురించి మాట్లాడాలి. "హైడ్రో (నీటి ధారతో లెన్స్‌ని సంచినుంచి విడదీయడం) అయింది. ఇప్పుడు న్యూక్లియస్‌ని (లెన్స్ గట్టి మధ్యభాగాన్ని) తిప్పి చూడు, తిరగకపోతే మళ్లీ హైడ్రో చెయ్యి, తిరక్కుండా ఫేకో ప్రోబ్ లోపల పెట్టొద్దు." ఇలాంటి మాట మూడు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. మనలో చాలామందికి ఇది చేతకాదు. పక్క సీటులో కూర్చుని బ్రేక్ తొక్కే అలవాటు అంత తొందరగా పోదు.

---

సందేహాలరావు

సార్, 2001లోనే న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న పేషెంట్‌కి రోబోతో గాల్ బ్లాడర్ తీశారు. అట్లాంటిక్ మీదుగా పోయి వచ్చినా ఆలస్యం 155 మిల్లీసెకన్ల దగ్గరే ఉంది. ఇరవై ఏళ్లు దాటాక కూడా మనం సెకను ఆలస్యం గురించి మాట్లాడుకుంటున్నామంటే నవ్వొస్తోంది.

అసలు నా అభ్యంతరం వేరే. కంటి సర్జరీ నేర్పేది మాటతో కాదు. గురువు అసిస్టెంట్ స్కోప్‌లోంచి చూస్తూ, పని చెడేలా ఉంటే "లే" అని సీటు మారతాడు. ఆ సీటు మార్పిడి ఉంది కాబట్టే పేషెంట్ క్షేమం. నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాయన సీటు ఎలా మారతాడు?

---

పాత_మైక్రోస్కోప్

అక్కడ వాళ్లు దానికోసమే కేటాయించిన ప్రత్యేకమైన ఫైబర్ లైన్ వాడారు. ఈ ట్రైనీకి ఉండేది ఆసుపత్రి వైఫై, దానిమీదే బిల్లింగ్ కౌంటర్ కూడా నడుస్తుంటుంది. పోలిక కుదరదు.

సీటు మార్పిడి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. గదిలో ఫేకో పూర్తిగా చేయగలిగిన మనిషి ఒకరు, చేతులు కడుక్కుని గౌన్ వేసుకుని ఉండాలి. ఆ మనిషి పేరు బోర్డు మీద రాసి ఉండాలి. ఏ గుర్తు కనిపిస్తే సీటు మారాలో ముందే తేల్చుకోవాలి. అలాంటి మనిషి లేకపోతే లైవ్ రిమోట్ టీచింగ్ వద్దు. బయటి గురువు ఉన్నాడు కదా అని లోపలి గురువు కాఫీకి వెళ్లిపోయే యూనిట్లు కూడా ఉన్నాయి, అవి మరీ ప్రమాదం.

---

పెడల్_మూడు (దూరం నుంచి నేర్పుతుంటాను)

నేను చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాను. అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు: మైక్రోస్కోప్ కెమెరా చాలా? చాలదు. నన్నడిగితే రిమోట్ టీచింగ్‌లో అన్నిటికంటే పనికొచ్చే కెమెరా కాలి మీద పెట్టేది.

ఆశ్చర్యపోకండి. ఫేకో సగం కాలితో చేసే ఆపరేషన్. పెడల్ సున్నాలో ఏమీ లేదు. ఒకటిలో ఇరిగేషన్ (నీళ్లు లోపలికి పోవడం). రెండులో ఇరిగేషన్‌తోపాటు ఆస్పిరేషన్ (పీల్చడం). మూడులో వాటికి అల్ట్రాసౌండ్ కలుస్తుంది. మైక్రోస్కోప్ వీడియోలో మనకి కనిపించేది ఛాంబర్ (కార్నియా వెనక ఉండే ఖాళీ) ఒక్కసారిగా కుప్పకూలడం. ఎందుకు కూలిందో అందులో కనపడదు. కాలి కెమెరా చూస్తే ట్రైనీ టిప్‌ని బయటికి తీస్తూనే పెడల్ మీదినుంచి కాలు పూర్తిగా ఎత్తేసి ఉంటాడు, అంటే టిప్ ఇంకా లోపల ఉండగానే నీళ్లు ఆగిపోయాయి. లేదా న్యూక్లియస్ ముక్క టిప్‌లోకి పోయిన మరుక్షణం కూడా కాలు మూడులోనే ఉండిపోతుంది. ముందున్న వాక్యూమ్ అంతా ఒక్క ఊపున లాగుతుంది, క్యాప్స్యూల్ ఎదురొస్తుంది. రెండు తప్పులకీ మైక్రోస్కోప్‌లో కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

రెండో కెమెరా చేతుల మీద, పక్కనుంచి. మణికట్టు ఆనుకుని ఉందా, మోచెయ్యి గాల్లో తేలుతోందా, భుజాలు చెవులదాకా లేచాయా అన్నది చూడటానికి. ట్రైనీ బిగుసుకుపోయి ఉంటే ఆ టెన్షన్ ముందు భుజంలో కనపడుతుంది, తర్వాతే కంట్లో.

రెండూ ఖరీదైనవి కానక్కర్లేదు. పాత ఫోన్లు చాలు. కాలి వీడియో, కంటి వీడియో పక్కపక్కన పెట్టి ఒకే సమయానికి కలిపితే అయిపోయింది. కలపడానికి చిట్కా: మొదట్లో పెడల్ ఒకసారి తొక్కి ప్రోబ్‌ని టెస్ట్ ఛాంబర్‌లో (టిప్‌కి తొడిగే చిన్న రబ్బరు తొడుగులో) నడిపించండి. ఆ చప్పుడు రెండు వీడియోల్లోనూ పడుతుంది.

---

థియేటర్_సిస్టర్

డాక్టర్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక విషయం మీరెవరూ చెప్పలేదు. పేషెంట్ మెలకువగా ఉంటారు!

కంటి ఆపరేషన్‌లో ఎక్కువమందికి చుక్కల మత్తో, లోకల్ ఇంజెక్షనో తప్ప పూర్తి మత్తు ఇవ్వరు. గుడ్డ కింద పడుకుని ప్రతి మాటా వింటుంటారు. మా దగ్గర ఒకసారి లైవ్ క్లాస్ పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. అవతలి సర్ "అయ్యో, పోతోంది పోతోంది" అన్నారు. ఆయన అన్నది రెక్సిస్ అంచు గురించే, అది తర్వాత సర్దుకుంది కూడా. కానీ పేషెంట్ బీపీ చూడాల్సింది ఆ నిమిషంలో! ఆమె తల కదిపింది, దాంతో అసలు ప్రమాదం అప్పుడే వచ్చేది.

కాబట్టి స్పీకర్ వద్దు. ట్రైనీకి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టండి. రెండో చెవి మా మాట వినడానికి ఖాళీగా ఉండాలి. సర్జన్ వాష్‌కి వెళ్లకముందే అది పెట్టి టేప్ వేసేయండి, మధ్యలో జారితే మళ్లీ నేను సర్దలేను. ఇంకోటి, అవతలి సార్‌కి వినపడేలా ప్రశ్నలడిగేటప్పుడు "ఇది చిరిగిందా సార్" అని అడక్కండి. స్టెప్ పేరు చెప్పి "చూడండి సార్" అంటే చాలు, ఆయనకి అర్థమవుతుంది.

---

పెడల్_మూడు

సిస్టర్ గారూ, బంగారం లాంటి మాట. నేను ట్రైనీలతో ముందే కొన్ని మాటలు ఒప్పందం చేసుకుంటాను. "హోల్డ్" అంటే చేతులూ కాలూ ఉన్నచోటే ఉంచి కదలకుండా ఆగడం. బయటికి లాగేయడం కాదు, ఎందుకంటే కంగారులో లాగేయడమే అసలు ప్రమాదం. "ఒకటికి రా" అంటే పెడల్ ఒకటిలోకి. "నింపు" అంటే విస్కోఎలాస్టిక్ (ఛాంబర్‌ని నిలబెట్టే జెల్) ఎక్కించు. ఇంతే. మిగతా కబుర్లన్నీ ఆపరేషన్ అయ్యాకే.

దిక్కులు కూడా ముందే తేల్చుకోండి. "మూడు గంటల వైపు" అంటే ఎవరి మూడు? ట్రైనీ పైన కూర్చున్నాడా, పక్కన టెంపోరల్‌గా (చెవి వైపు) కూర్చున్నాడా, కెమెరా బొమ్మని తిప్పి చూపిస్తోందా అన్నదాన్నిబట్టి మారిపోతుంది. నేను "ముక్కు వైపు, చెవి వైపు, నీ ఇన్సిషన్ (కోత) వైపు" అంటాను. ఏ కెమెరా ఎలా తిప్పినా ముక్కు ముక్కే.

---

వైర్ల_మనిషి (డాక్టర్ని కాదు, ఆడియో వీడియో పని)

ఒక ఆసుపత్రికి ఇలాంటి సెటప్ పెట్టాను కాబట్టి నాలుగు మాటలు.

మీటింగ్ యాప్‌లన్నీ మనుషుల ముఖాల కోసం తయారైనవి. మాట ఆగకూడదు, బొమ్మ కాస్త మసకైనా పర్లేదు అన్నది వాటి లెక్క. మీకు కావలసింది దానికి తలకిందులు. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు "వీడియో కోసం" అన్న ఆప్షన్ ఉంటుంది, అది టిక్ చేయకపోతే సెకనుకి చాలా తక్కువ ఫ్రేములే వెళ్లవచ్చు. 1080పీలో తడబడే వీడియోకంటే 720పీలో నిలకడగా సెకనుకి 30 ఫ్రేములు వచ్చే వీడియో మీ పనికి మేలు. వైఫై వదిలేసి కేబుల్ వేయించుకోండి. అప్‌లోడ్ స్పీడ్ చూసుకోండి, అందరూ డౌన్‌లోడే చూస్తారు.

కెమెరాలో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. ఆటోలో ఉంటే మెరిసే ఇన్‌స్ట్రుమెంట్ వచ్చినప్పుడల్లా బొమ్మంతా చీకటైపోతుంది. మైక్రోస్కోప్‌కి బీమ్ స్ప్లిటర్ పెడితే సర్జన్‌కి వచ్చే వెలుతురులో కొంత భాగం కెమెరాకి పోతుంది, అది సర్జన్‌తో ముందే మాట్లాడండి. ఐపీస్‌కి ఫోన్ తగిలించే అడాప్టర్ చౌక, కానీ అప్పుడు అసిస్టెంట్ ఐపీస్ పోయినట్టే.

---

పాత_మైక్రోస్కోప్

వైర్ల_మనిషి గారూ, శబ్దం సంగతి కూడా చెప్పండి. చాలామందికి తెలీదు.

---

వైర్ల_మనిషి

అవునండీ, మర్చిపోయేవాణ్ని. ఫేకో మెషిన్ చేసే శబ్దం పనికిమాలిన చప్పుడు కాదని నాకూ తర్వాత తెలిసింది. వాక్యూమ్ పెరిగేకొద్దీ దాని స్వరం పైకి లేస్తుందట, టిప్ పూర్తిగా మూసుకుపోయిందని సర్జన్‌కి చెవితోనే తెలుస్తుందట. మీటింగ్ యాప్‌లో నాయిస్ తగ్గించే ఫీచర్ ఆ శబ్దాన్ని ఫ్యాన్ గోల అనుకుని శుభ్రంగా తుడిచేస్తుంది! "ఒరిజినల్ సౌండ్" లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయండి. వీలైతే మెషిన్ దగ్గర ఒక మైకు విడిగా పెట్టండి.

---

టనల్_రాణి (ఎస్‌ఐసీఎస్ ట్రైనర్)

అందరూ ఫేకో ఫేకో అంటున్నారు. దూరం నుంచి నేర్పడానికి ఎస్‌ఐసీఎస్ టనల్ (కంటి తెల్లపొరలోంచి లోపలికి తీసే సొరంగం లాంటి దారి) అంత అనువైన స్టెప్ ఇంకోటి లేదని నా వాదన.

2డీ వీడియోలో పెద్ద కష్టం లోతు తెలియకపోవడం. ఫేకోలో ట్రెంచ్ (న్యూక్లియస్‌లో తవ్వే గాడి) ఎంత లోతు దిగిందో చూసేవాళ్లకి అంచనా దొరకదు, రెడ్ రిఫ్లెక్స్ (కంటి వెనకనుంచి తిరిగొచ్చే ఎర్రని వెలుగు) ప్రకాశవంతంగా కావడాన్ని చూసి ఊహించుకోవాలి. టనల్ అలా కాదు. క్రెసెంట్ బ్లేడ్ స్క్లీరాలోంచి (తెల్లపొరలోంచి) ఎంత స్పష్టంగా కనపడుతోందో అదే లోతుకి కొలత. మరీ తేటగా మెరుస్తుంటే పైపైన పోతున్నావు, ఇంకాస్త పోతే పైకప్పుకి చిల్లు పడుతుంది. బ్లేడ్ అసలు కనపడకపోతే లోతుకి పోయావు, కార్నియాలోకి చేరకముందే ఛాంబర్‌లోకి పొడుచుకుపోతుంది, ఐరిస్ బయటికొస్తుంది. ఇదంతా మామూలు వీడియోలో కనిపిస్తుంది. తెలుసుకోవడానికి 3డీ అక్కర్లేదు.

లింబస్ (కార్నియా, తెల్లపొర కలిసే అంచు) నుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల వెనక గీత, ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పు. దీన్ని కాగితం మీద గీయించి, ఫోమ్ మీద చేయించి, తర్వాత జంతువు కన్నుమీద చేయించి, ఒక్కో దశ వీడియో పంపమంటాను. టనల్ కుదిరిందాకా తర్వాత స్టెప్ గురించి మాట్లాడను. రన్నవుట్ గారు "చాలా స్టెప్పులు చేస్తున్నాను" అన్నారు కదా, ఆ చాలాలో ఏవి ఉన్నాయో నాకు అనుమానమే :)

---

రెక్సిస్_రన్నవుట్

మేడమ్, పట్టేశారు. న్యూక్లియస్ డెలివరీ ఇంకా కన్సల్టెంటే చేస్తారు.

కాలి కెమెరా మాట మా కన్సల్టెంట్‌కి చెప్పాను. కాసేపు నవ్వి, తర్వాత "నా కాలు కూడా తియ్యి, చూద్దాం" అన్నారు. ఇంకో డౌట్: ఇంట్లో ప్రాక్టీస్ కోసం ఏం వాడాలి? అది కూడా వీడియో తీసి పంపవచ్చా?

---

మేక_కన్ను (వెట్ ల్యాబ్ ఇన్‌చార్జ్)

ఇది నా సబ్జెక్టు. పంపవచ్చు కాదు, పంపాల్సింది ముఖ్యంగా అదే. నిజం ఆపరేషన్ వీడియోలో మనసంతా పేషెంట్ మీద ఉంటుంది. ప్రాక్టీస్ వీడియోలో తప్పు చేసి, ఆపి, మళ్లీ చేయవచ్చు.

రెక్సిస్ కదలిక అలవాటు కావడానికి టమాటా తొక్క, చాక్లెట్ రేకు ఇలా రకరకాలు వాడతారు. ఏదైనా సరే, ఒక చిన్న మూతకి పక్కన కన్నం పెట్టి దాంట్లోంచే ఫోర్సెప్స్ పెట్టి చేయండి. ఇన్సిషన్ లేకుండా విశాలమైన చోట రెక్సిస్ చేస్తే ఏమీ రాదు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్సిషన్ దగ్గర తెడ్డులా తిరగాలి, వెనక చెయ్యి కుడికి పోతే ముందు మొన ఎడమకి పోవాలి. ఇన్సిషన్ పెదవిని నొక్కితే ఏమవుతుందో టమాటా చెప్పదు, ఆ చిన్న కన్నం చెప్తుంది.

పంది కన్ను వాడితే ఒకటి గుర్తుంచుకోండి: దాని క్యాప్స్యూల్ పెద్దవాళ్ల కంటికంటే బాగా సాగుతుంది, రెక్సిస్ పదేపదే బయటికి పరుగెడుతుంది (చిరుగు లెన్స్ అంచువైపు జారిపోతుంది). అది చూసి నిరాశ పడొద్దు, పిల్లల కళ్లలో రెక్సిస్ కూడా దాదాపు అలాగే ఉంటుంది. లెన్స్ మెత్తగా ఉంటుంది కాబట్టి గట్టి శుక్లంలా చేయడానికి మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు పెట్టేవాళ్లున్నారు. ఆ మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం వేడిచేయకండి, దండం పెడతా.

సిమ్యులేటర్ అందుబాటులో ఉంటే వదలొద్దు. బ్రిటన్‌లో మొదటి, రెండో ఏడాది ట్రైనీల ఆపరేషన్ల లెక్కలు చూస్తే, ఐసీ అనే కంటి ఆపరేషన్ సిమ్యులేటర్ అందుబాటులో ఉన్నచోట్ల పోస్టీరియర్ క్యాప్స్యూల్ చిరగడం 2009లో 4.2 శాతం ఉండేది, 2015కి 2.6 శాతానికి దిగింది. ఎస్‌ఐసీఎస్‌కి హెల్ప్‌మీసీ అనే సంస్థవాళ్ల సిమ్యులేటర్ ఉంది, చేతికి ఒత్తిడి తెలిసేలా చేశారు. ఆఫ్రికాలో ట్రైనీల మీద ఒలింపిక్స్ అనే ట్రయల్ జరిగింది, 2021లో అచ్చయింది. ముందు కృత్రిమ కళ్లమీద గట్టిగా శిక్షణ పొందినవాళ్లకి తర్వాతి ఏడాదిలో క్యాప్స్యూల్ చిరిగిన రేటు 7.8 శాతం, మామూలు శిక్షణలో ఉన్నవాళ్లకి 26.6 శాతం.

---

సందేహాలరావు

మేక_కన్ను గారూ, అంకెలు బాగున్నాయి, కానీ ఒలింపిక్స్‌లో గురువులు గదిలోనే ఉన్నారు కదా? ట్రైనీలని ఒకచోటికి పిలిపించి, కొన్ని రోజులు పక్కన కూర్చుని నేర్పారు. బ్రిటన్ లెక్క యంత్రం గురించి. రెండిట్లోనూ రిమోట్ టీచింగ్ లేదు. సిమ్యులేషన్ మంచిదని తేలింది, దూరం నుంచి నేర్పడం మంచిదని కాదు. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టొద్దు.

---

మేక_కన్ను

ఒప్పుకున్నాను. నేను చెప్పదలచుకున్నది, పేషెంట్ లేని చోట చేసిన ప్రాక్టీస్‌కి విలువుందని. దాన్ని గురువు గదిలో ఉండి చూశాడా, తెరమీద చూశాడా అన్నది తర్వాతి ప్రశ్న.

---

పాత_మైక్రోస్కోప్

రావుగారు సరైన చోట గుచ్చారు. కానీ ఆ రెండో ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. పేషెంట్ లేనప్పుడు సీటు మారాల్సిన పనిలేదు. మీరు మొదట లేపిన అభ్యంతరం అక్కడ వర్తించదు. కాబట్టి దూరపు గురువు సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలంటే డ్రై ల్యాబ్ (పేషెంట్ లేకుండా వస్తువుల మీద చేసే ప్రాక్టీస్) మీద, రికార్డింగ్ మీద. గది లోపలి గురువు సమయాన్ని పేషెంట్ దగ్గర. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తున్నారు, ఎందుకంటే లైవ్ సర్జరీ చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలు బాగొస్తాయి. టమాటా తొక్క ఫొటో ఎవరు పెడతారు?

ఇది కొత్త సంగతేం కాదు. ఆర్బిస్ అనే కంటి వైద్య సంస్థ వాళ్లు 1982 నుంచి విమానంలోనే ఆపరేషన్ థియేటర్ పెట్టుకుని దేశాలు తిరిగి నేర్పుతున్నారు. వాళ్లే 2003లో సైబర్‌సైట్ అనే ఆన్‌లైన్ శిక్షణ వేదిక మొదలుపెట్టారు. విమానం వారం రెండు వారాల్లో వెళ్లిపోతుంది, ఆ తర్వాత ట్రైనీకి వచ్చే సందేహాల మాటేమిటి అన్న సమస్యకి అది జవాబు. ఖర్చు లేకుండా కోర్సులు, కేసుల మీద సలహాలు దొరుకుతాయి. రన్నవుట్ గారు అక్కడ రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని చేయండి.

---

గుమ్మం_బయట

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి త్వరలో ఆపరేషన్ ఉంది, వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. ఆమె కన్ను ఎవరో పరాయి దేశంలో చూస్తారని ఆమెకి ఎవరు చెప్తారు? కుదరదంటే ట్రీట్‌మెంట్‌లో తేడా వస్తుందా?

---

టనల్_రాణి

మంచి ప్రశ్న అడిగారండీ. చెప్పాలి, ఆపరేషన్ రోజు హడావిడిలో కాకుండా ముందే, మీ అమ్మగారికి అర్థమయ్యే భాషలో. మూడు సంగతులు విడివిడిగా అడగాలి: ట్రైనీ ఆపరేషన్‌లో పాల్గొనడం, దూరం నుంచి ఒకరు చూడటం, వీడియో దాచిపెట్టడం. ఒకదానికి సరే అని మరొకదానికి వద్దనే హక్కు ఆమెకి ఉంది. వద్దంటే ట్రీట్‌మెంట్‌లో తేడా రాకూడదు. వస్తుందని ఎవరైనా సూచించినా అది తప్పే.

కంటి వీడియోలో ముఖం కనపడదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటారు మనవాళ్లు. కానీ మైక్రోస్కోప్ రికార్డర్ మూలన పేషెంట్ పేరు, నంబర్ వేస్తుంది. ఫైల్ పేరులోనూ అదే ఉంటుంది. కాలి కెమెరా బల్లమీది కేస్ షీట్‌ని కూడా తీసేస్తుంది. గదిలో మాటలు సరేసరి. పంపేముందు ఇవన్నీ తీసేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో పడేయడం అసలే వద్దు.

---

రెక్సిస్_రన్నవుట్

మేడమ్ చెప్పిన మూడు ప్రశ్నలూ మా కన్సెంట్ ఫారంలో లేవు, అడిగి చేర్పిస్తాను.

నా పేరుకి తగ్గ ప్రశ్న ఇప్పుడు. ఆన్‌లైన్‌లో నేర్పే సర్‌కి మొదటి వీడియో పంపాను (పేరూ అవీ తీసేసి, పేషెంట్ ఒప్పుకున్నాకే). రెక్సిస్ ఎడమ వైపు బయటికి పరుగెత్తింది, అక్కడినుంచి కన్సల్టెంట్ తీసుకున్నారు. "ఫ్లాప్‌ని (చింపుతూ పట్టుకునే పొర ముక్కని) ఎక్కువ లాగావు" అని కన్సల్టెంట్ అన్నారు. అంతేనా?

---

పెడల్_మూడు

వీడియో చూడకుండా తీర్పు చెప్పను. కానీ ఇలా చూడండి. పరుగెత్తిన క్షణాన్ని వదిలేయండి, అక్కడ దొరికేదేం లేదు. ఇరవై సెకన్లు వెనక్కి వెళ్లండి. కార్నియా మీద సన్నని ముడతలు ఏమైనా కనపడుతున్నాయా? కన్ను మొత్తం ఒక పక్కకి వాలిందా? ఉంటే మీ చెయ్యి ఇన్సిషన్ పెదవిని నొక్కుతోంది, విస్కోఎలాస్టిక్ బయటికి కారుతోంది, ఛాంబర్ తగ్గుతోంది. లెన్స్ ముందుకు ఉబ్బి, క్యాప్స్యూల్ బిగుసుకుంటుంది. ఆ స్థితిలో ఎంత మెల్లగా లాగినా అంచు బయటికే పోతుంది. అంటే జబ్బు ఫ్లాప్‌లో లేదు, ఇన్సిషన్ దగ్గరుంది. దానికి మందు "తక్కువ లాగు" కాదు, "నింపు, చెయ్యి సర్దుకో, మళ్లీ పట్టుకో".

పరుగు మొదలైంది కానీ ఇంకా చేజారలేదనుకోండి. నింపి, ఫ్లాప్ మడత విప్పి లెన్స్ మీద పరచి, చిరుగు మొదలుకి దగ్గరగా పట్టుకుని, వచ్చిన దారి వైపు వెనక్కి, క్యాప్స్యూల్ ఉన్న తలంలోనే లాగి, ఆపైన మధ్యకి. బ్రయాన్ లిటిల్ అనే సర్జన్ పేరుతో ఈ పద్ధతి అందరికీ తెలుసు. దీన్ని మొదటిసారి పేషెంట్ మీద ప్రయత్నించకండి. మేక_కన్ను గారి పంది కళ్లు అచ్చం దీనికోసమే పుట్టాయి, రెక్సిస్ ఎలాగూ పరుగెడుతుంది కదా.

ఇలా వెనక్కి పోయి చూడటం గదిలో కూర్చున్న గురువుకి కుదరదు, ఆయనకి రివైండ్ బటన్ లేదు.

---

సందేహాలరావు

సరే, ఈ ఒక్క పోస్టుకి మాత్రం లైక్ కొడుతున్నాను. అలవాటు చేసుకోకండి.

అయితే ఇంకో మాట. వీడియో చూశాక "బాగుంది, బాలేదు" అనడానికి బదులు ఏదైనా కొలత ఉందా? లేకపోతే ఇద్దరు గురువులు రెండు రకాలుగా చెప్తారు, మధ్యలో ట్రైనీ నలిగిపోతాడు.

---

టనల్_రాణి

ఉంది. ఐసీఓ (అంతర్జాతీయ ఆప్తల్మాలజీ కౌన్సిల్) ఆస్కార్ అని ఒక స్కోర్ షీట్, ఫేకోకి, ఎస్‌ఐసీఎస్‌కి విడివిడిగా. ఫేకో షీటులో 20 అంశాలుంటాయి, 14 స్టెప్పులకి సంబంధించినవి, 6 మొత్తం నడతకి, అంటే కన్ను మధ్యలో ఉంచడం, టిష్యూని సున్నితంగా పట్టుకోవడం లాంటివి. ఒక్కోదానికి 2 నుంచి 5 దాకా మార్కు, 2 అంటే నొవైస్, 5 అంటే కాంపిటెంట్. ఒక్కో మార్కుకి ఏం కనపడాలో మాటల్లో రాసి ఉంటుంది కాబట్టి గొడవ తక్కువ.

నేను పాటించే పద్ధతి: ముందు ట్రైనీ తన వీడియోకి తనే మార్కులు వేసుకోవాలి. నేను చూడకుండా నావి వేస్తాను. తర్వాత తేడా వచ్చిన అంశాల గురించే మాట్లాడుకుంటాం. రెండూ కలిసినచోట టైం వృథా చేయం. తనకి తాను 5 వేసుకుని నా దగ్గర 3 వచ్చినవాళ్ల గురించే నాకు బెంగ. 2 వేసుకున్నవాళ్లకి 3 వస్తే సంతోషమే.

---

రెక్సిస్_రన్నవుట్

వీడియో మళ్లీ చూశాను. ముడతలున్నాయి! కన్ను కూడా వాలింది. సర్‌కి ఆ టైం రాసి పంపాను. వచ్చే వారం ఆయనతో ప్రాక్టీస్ కన్నుమీదే సెషన్, లైవ్ ఆపరేషన్ ఇప్పట్లో లేదు.

చివరి డౌట్ వైర్ల_మనిషి గారికి. కాలి ఫోన్ ఎక్కడ పెట్టాలి? నేలమీద పెడితే నీళ్లు పడుతున్నాయి, స్టాండ్ పెడితే సిస్టర్ తిడుతున్నారు.

---

వైర్ల_మనిషి

సిస్టర్ మాటే ఖాయం, స్టాండ్ వద్దు, తట్టుకుని పడతారు. బెడ్ కింద అడ్డంగా ఇనుప కడ్డీ ఏదైనా ఉంటే దానికి చిన్న క్లాంప్‌తో ఫోన్ బిగించండి, పెడల్‌కి అడుగున్నర దూరంలో, కాస్త పైనుంచి. జిప్‌లాక్ కవర్లో పెట్టి లెన్స్ దగ్గర మాత్రం కవర్ బిగుతుగా లాగండి. పెడల్ నల్లగా ఉంటుంది, బూటు కూడా నల్లగా ఉంటే ఏమీ కనపడదు, తెల్ల షూ కవర్ వేసుకోండి. చార్జింగ్ వైర్ పెట్టొద్దు, ముందే నింపుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఆపరేషన్ మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది.

---

థియేటర్_సిస్టర్

క్లాంప్ పెట్టేది థియేటర్ తుడవకముందు, తర్వాత కాదు. రోజూ చివర స్పిరిట్‌తో తుడిచి తీసుకెళ్లాలి. అది ఎవరి పనో కూడా ఇప్పుడే రాసుకోండి, లేకపోతే నాదే అవుతుంది.